చెప్పకుండా ఆడించిన ఆట

ఇవాళ ఒక సైన్స్ ఫిక్షన్ నవలని ఆసరా చేసుకుని కొంచెం చరిత్ర మాట్లాడదామని వచ్చాను. నవల పేరు 'ఎండర్స్ గేమ్'. రాసినాయన ఆర్సన్ స్కాట్ కార్డ్. అమెరికాలో మిడిల్ స్కూలు పిల్లలున్న మన ఇళ్ళల్లో చాలామంది ఈ పేరు వినే ఉంటారు. 2013లో హారిసన్ ఫోర్డ్, బెన్ కింగ్స్‌లీలతో సినిమాగా కూడా వచ్చింది. సినిమా చూసినవాళ్ళకి సగం సంగతే తెలిసినట్టు. ఒక హెచ్చరిక: ముగింపు చెప్పకుండా నేను చెప్పదలుచుకున్నది చెప్పడం కుదరదు. పుస్తకం సగంలో ఉన్నవాళ్ళు రేడియో కాసేపు కట్టేసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

కథ ఇది. చీమల్లాంటి గ్రహాంతర జీవులు మనుషుల మీదికి రెండుసార్లు దండెత్తి వచ్చి ఓడిపోయాయి. మళ్ళీ వస్తాయని భయం. ఈసారి యుద్ధానికి సేనాపతి కావాలి. పెద్దవాళ్ళలో అలాంటివాడు దొరకడని, తెలివైన పిల్లల్ని ప్రపంచమంతా గాలించి ఏరి, భూమి చుట్టూ తిరిగే బ్యాటిల్ స్కూల్లో పెట్టి తర్ఫీదిస్తుంటారు. అక్కడికి ఆరేళ్ళ వయసులో వెళ్ళినవాడే ఎండర్. ఇంటికి ఇద్దరు పిల్లలే ఉండాలన్న లోకంలో, ప్రభుత్వమే అనుమతిచ్చి కనిపించిన మూడోవాడు. పెద్దవాడు మరీ క్రూరుడు, రెండోది మరీ మెత్తన, మూడోవాడు మధ్యస్థంగా ఉంటాడేమోనని వాళ్ళ ఆశ. మెడ వెనకాల ఒక యంత్రం అమర్చి, వాడు ఏం చూస్తున్నాడో ఏం వింటున్నాడో ఏళ్ళ తరబడి కనిపెట్టి మరీ ఎంచుకుంటారు.

బ్యాటిల్ స్కూల్లో అంతా ఆటే. భారరహిత స్థితిలో తేలుతూ జట్లు జట్లుగా కొట్టుకునే ఆట. ఎండర్ అందులో ఎదురులేనివాడవుతాడు. తర్వాత ఇంకా దూరంగా కమాండ్ స్కూల్‌కి తీసుకెళ్ళి, కంప్యూటర్ తెర మీద నౌకాదళాలని నడిపే ఆట ఆడిస్తారు. నేర్పేది మేజర్ రాకమ్ అనే పాత యుద్ధవీరుడు. (మేజర్ అన్నది హోదా కాదు, ఆయన పేరే.) ఆటలు రోజురోజుకీ కష్టమవుతాయి. పిల్లవాడికి నిద్ర ఉండదు, తిండి సహించదు. చివరికి ఆఖరి పరీక్ష అంటారు. ఎదురుగా ఒక గ్రహం, చుట్టూ లెక్కలేనన్ని శత్రునౌకలు. విసిగిపోయిన పిల్లవాడు, నియమం తప్పితే వీళ్ళే నన్ను పంపించేస్తారులే అనుకుని, ఆ గ్రహం మీదే ఆయుధం ప్రయోగిస్తాడు. గ్రహం ముక్కలైపోతుంది. వెనకాల నిలబడ్డ పెద్దవాళ్ళు ఏడుస్తారు, మోకాళ్ళ మీద పడతారు. అప్పుడు చెబుతారు: అది ఆట కాదు. ఇన్నాళ్ళూ నువ్వు నడిపినవి నిజం నౌకలే, చచ్చినవాళ్ళు నిజం మనుషులే, ఇప్పుడు పోయింది నిజంగానే ఒక జాతి మొత్తం. వాడికి అప్పటికి పదకొండేళ్ళు.

ఎందుకు చెప్పలేదని అడిగితే, పెద్దవాళ్ళ సమాధానం చాలా తర్కబద్ధంగా ఉంటుంది. శత్రువుని గెలవాలంటే శత్రువు మనసు తెలియాలి. అంత బాగా తెలిసినవాడికి శత్రువు మీద జాలి పుడుతుంది. జాలి ఉన్నవాడు చంపలేడు. అందుకని వాడికి తెలియకుండా చేయించాలి. నవల మొత్తం ఈ ఒక్క మేకు మీద వేలాడుతోంది.

మనకి ఇక్కడ అభిమన్యుడు గుర్తుకొస్తాడు. తల్లి కడుపులో ఉండగా పద్మవ్యూహంలోకి వెళ్ళడం విన్నాడు, బయటికి రావడం వినలేదు. వయసులోనూ చదువులోనూ ఇద్దరికీ పోలిక ఉంది. కానీ ఒక తేడా చూడండి. అభిమన్యుడికి తనకి తెలిసింది సగమేనని తెలుసు. ఆ మాట ధర్మరాజుతో చెప్పే లోపలికి వెళ్ళాడు. మేం వెనకాలే వస్తామన్న పెద్దవాళ్ళు రాలేకపోయారు, అది వేరే సంగతి. ఎండర్‌కి యుద్ధం జరుగుతోందనే తెలియదు.

చరిత్రలో ఇలా ఎప్పుడైనా జరిగిందా? తెలివైన పిల్లల్ని ఏరి, ఏం చేస్తున్నారో చెప్పకుండా యుద్ధం చేయించారా? నాకు ఈ ప్రశ్న చాలాకాలంగా ఉంది. వెతికితే జవాబు దొరికింది, కానీ నవల చెప్పినట్టు మాత్రం లేదు.

ముందు ఏరడం సంగతి. మన పార్టీల్లో, గుళ్ళో, పిల్లల పుట్టినరోజుల్లో తల్లిదండ్రుల నోట వినిపించే 'గిఫ్టెడ్' అన్న మాటకి వెనక్కి పోతే, సైనిక శిబిరాలు కనిపిస్తాయి. ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ బినే 1905లో తెలివి పరీక్ష తయారుచేసింది చదువులో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి సాయం చెయ్యడానికి. దాన్ని స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ 1916లో అమెరికాకి తగ్గట్టు మార్చాడు. మరుసటి ఏడే అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. రాబర్ట్ యెర్క్స్ నాయకత్వంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు, వాళ్ళలో టెర్మన్ కూడా ఒకడు, సైన్యం కోసం రెండు పరీక్షలు రాశారు. ఇంగ్లీషు చదవడం వచ్చినవాళ్ళకి ఆల్ఫా, రానివాళ్ళకి బొమ్మలతో బీటా. సుమారు 17 లక్షల మంది సైనికులు ఆ పరీక్షలు రాశారు. లక్షల మందిని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిపిస్తూ తెలివిని అంకెల్లోకి మార్చవచ్చని లోకానికి అప్పుడు తెలిసింది. యుద్ధం అయ్యాక, 1921లో టెర్మన్ కాలిఫోర్నియాలో పదిహేను వందలకి పైగా మేధావి పిల్లల్ని ఎంచుకుని జీవితాంతం గమనించే పరిశోధన మొదలుపెట్టాడు. వడపోతకి వచ్చి, మార్కులు చాలక బయటికి పోయిన ఇద్దరు పిల్లలకి తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి: విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్. గిఫ్టెడ్ పరీక్షలో పోయిందని దిగులుపడే తల్లులకి ఈ మాట చెబుతుంటాను.

రెండో మెట్టు 1957 అక్టోబరు 4న వచ్చింది. రష్యావాళ్ళు స్పుత్నిక్‌ని ఎగరేశారు. అమెరికాకి గుండె ఆగినంత పనైంది. ఏడాది తిరక్కుండా, 1958 సెప్టెంబరులో ఐసెన్‌హోవర్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. విషయం చదువు, కానీ చట్టం పేరు జాతీయ రక్షణ విద్యా చట్టం. నాలుగేళ్ళకి నూరు కోట్ల డాలర్ల పైచిలుకు. అందులో ఒక భాగం ప్రత్యేకించి బళ్ళలో పరీక్షలు పెట్టి చురుకైన పిల్లల్ని గుర్తించడానికీ, వాళ్ళకి దారి చూపే కౌన్సిలర్లని తయారుచెయ్యడానికీ కేటాయించారు. లెక్కలు బాగా వచ్చిన పిల్లవాడు దేశ రక్షణకి సరుకు అన్నది నవలాకారుడి ఊహ కాదు, కాంగ్రెసు ఆమోదించిన చట్టం. ఆర్సన్ స్కాట్ కార్డ్ 1951 ఆగస్టులో పుట్టాడు. స్పుత్నిక్ ఎగిరేనాటికి ఆయనకి సరిగ్గా ఎండర్ వయసు, ఆరేళ్ళు.

ఆయన పుట్టిన ఊరు ఇంకా విచిత్రం. వాషింగ్టన్ రాష్ట్రంలో రిచ్‌లాండ్. ఇది యాదృచ్ఛికమే, ఇందులోంచే నవల పుట్టిందని నేను అనను. ఆయన పెరిగింది కాలిఫోర్నియా, ఆరిజోనా, యూటాల్లో. ఆట గది ఆలోచన తనకి పదహారేళ్ళప్పుడు వచ్చిందనీ, అప్పుడు అన్న సైన్యంలో ఉన్నాడనీ, మూడు దిక్కులా కదిలే యుద్ధానికి మనుషుల్ని ఎలా తయారుచేస్తారా అని ఆలోచించాననీ ఆయనే రాసుకున్నాడు. అయినా రిచ్‌లాండ్ సంగతి చెప్పకుండా ఉండలేను. కొలంబియా నది ఒడ్డున పళ్ళతోటల పల్లె అది. 1943లో సైన్యం వచ్చి ఆ చుట్టుపక్కల రైతులని లేపేసి, హాన్‌ఫర్డ్ కర్మాగారం కట్టింది. 1944లో పని ముమ్మరంగా ఉన్నప్పుడు నిర్మాణంలో దాదాపు 45 వేల మంది ఉన్నారు. గోతులు తవ్వారు, గొట్టాలు అతికారు, కాంక్రీటు పోశారు. ఏం తయారవుతోందో అతి కొద్దిమందికి తప్ప ఎవరికీ తెలియదు. తయారైంది ప్లుటోనియం, చేరింది నాగసాకి. 1945 ఆగస్టు 6న హిరోషిమా వార్త వచ్చాకనే తాము ఇన్నాళ్ళూ ఏ పనిలో ఉన్నారో ఆ ఊరికి అర్థమైంది.

టెనెసీలో ఓక్ రిడ్జ్ కథ నవలకి మరీ దగ్గర. అక్కడ యురేనియంని వేరుచేసే యంత్రాలుండేవి. ఎత్తు పీటల మీద కూర్చుని వాటిని నడిపింది చాలామటుకు అప్పుడే హైస్కూలు దాటిన పల్లెటూరి ఆడపిల్లలు. ఎదురుగా ముళ్ళూ మీటలూ. ముల్లు ఇటు పోతే ఈ మీట తిప్పు, అటు పోతే ఆ మీట తిప్పు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ యంత్రాన్ని కనిపెట్టిన ఎర్నెస్ట్ లారెన్స్ దగ్గర డాక్టరేట్లు ఉన్న శాస్త్రవేత్తలు ఉండేవారు. ఒకసారి సైన్యం తరఫున కర్నల్ నికల్స్ లెక్కలు చూసి, మీ డాక్టరేట్ల కంటే మా ఆడపిల్లలే ఎక్కువ తీస్తున్నారన్నాడు. పందెం వేసుకున్నారు. లారెన్స్ ఓడిపోయాడు. శాస్త్రవేత్తలు ముల్లు కదిలిన ప్రతిసారీ ఎందుకు కదిలిందా అని వెతికేవారట. ఆడపిల్లలు మీట తిప్పి ఊరుకునేవారు. ఆ యురేనియమే హిరోషిమా మీద పడ్డ బాంబులో ఉంది.

ఇక్కడిదాకా నవల గెలిచినట్టే. తెలియనివాళ్ళే బాగా ఆడారు. కానీ మూడో ఊరు ఉంది, లాస్ అలమోస్.

అక్కడ బాంబు పేలితే ఎంత శక్తి వస్తుందో లెక్కగట్టడానికి ఐబీఎం కార్డు యంత్రాలు తెప్పించారు. వాటి మీద పనికి సైన్యం దేశమంతా గాలించి, హైస్కూల్లో ఇంజనీరింగు పనుల్లో చురుగ్గా ఉన్న కుర్రాళ్ళని ఏరి, ప్రత్యేక ఇంజనీర్ దళం అని పేరు పెట్టి పంపింది. సైనికుల బ్యారక్‌లలో పడుకోబెట్టారు. అర్థంకాని అంకెలున్న కార్డులు చేతికిచ్చి, చిల్లులు పొడవమన్నారు. ఎందుకో చెప్పలేదు. పని నత్తనడక నడిచింది. ఆ విభాగం రిచర్డ్ ఫైన్‌మన్ చేతికి వచ్చింది. ఆయనకీ అప్పటికి ఇరవై ఆరేళ్ళు దాటలేదు. ఈ పిల్లలకి విషయం చెప్పాల్సిందేనని పట్టుబట్టాడు. ఆపెన్‌హైమర్ వెళ్ళి భద్రతావాళ్ళ అనుమతి తెచ్చాడు. ఫైన్‌మన్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు: మనం చేస్తున్నది ఇదీ, దేనికంటే ఇందుకూ అని. కుర్రాళ్ళు ఊగిపోయారు. మనమూ యుద్ధంలో ఉన్నామన్నమాట అనుకున్నారు. రాత్రుళ్ళు కూర్చున్నారు, పైన ఎవరూ అక్కర్లేకపోయారు, కొత్త పద్ధతులు వాళ్ళే కనిపెట్టారు. అంతకుముందు తొమ్మిది నెలల్లో మూడు లెక్కలు తేలితే, ఆ తర్వాత మూడు నెలల్లో తొమ్మిది తేలాయి. ఈ వైనం ఫైన్‌మన్ 1975లో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. 1985లో ఆయన జ్ఞాపకాల పుస్తకంలో అచ్చైంది. 'ఎండర్స్ గేమ్' నవల వచ్చిందీ అదే ఏడు.

మన ఐటీ వాళ్ళకి ఈ కార్డు యంత్రాల కుర్రాళ్ళు తాతల్లాంటివాళ్ళు. నేను కన్సల్టెంటుని. ఒక ప్రాజెక్టులో నాకిచ్చిన పని, ఒక ఫైల్లో పేర్లు తీసుకుని ఇంకో జాబితాతో సరిపోల్చి ఒక్కొక్కరికి ఒక అంకె వెయ్యడం. ఈ అంకెతో వాళ్ళని ఏం చేస్తారని అడిగితే, అది మీ పరిధిలోది కాదన్నారు. ఓక్ రిడ్జ్ ఆడపిల్లల్లాగే నేనూ మీట తిప్పాను. కానీ నా అనుభవంలో, ఏ టీముకైనా పని దేనికో చెప్పిన రోజున చూడాలి, శనివారాలు కూడా వాళ్ళంతట వాళ్ళే వచ్చేస్తారు. ఫైన్‌మన్ లెక్క నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఆశ్చర్యం కలిగించింది తర్వాతి ముక్క. 1945 జులై 16న ఎడారిలో పరీక్ష పేలుడు జరిగాక లాస్ అలమోస్ అంతా పండగ చేసుకుంది. ఫైన్‌మన్ ఒక జీపు మీద కూర్చుని డప్పు వాయించాడు. ఒక్క రాబర్ట్ విల్సన్ మాత్రం దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఫైన్‌మన్‌ని ఈ పనిలోకి దించింది ఆయనే. ఏమైందంటే, మనం చేసింది ఘోరమైనదని అన్నాడు. నువ్వే కదా మొదలుపెట్టావని ఫైన్‌మన్ ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆయన ఒప్పుకున్న మాట ఇది: మంచి కారణంతోనే మొదలుపెట్టాం, పనిలో పడ్డాం, పని ఆనందంగా ఉంది, దాంతో ఆలోచించడం ఆగిపోయింది.

ఇప్పుడు నవల మేకు దగ్గరికి మళ్ళీ వద్దాం. తెలిస్తే చెయ్యలేడు కాబట్టి చెప్పలేదు అంటారు పెద్దవాళ్ళు. లాస్ అలమోస్ కుర్రాళ్ళు తెలిశాకే తొమ్మిదింతలు చేశారు. అక్కడున్న వాళ్ళు క్రూరులు కారు. సంగీతం తెలిసినవాళ్ళు, భార్య చావుబతుకుల్లో ఉంటే ఆస్పత్రికి తిరిగినవాళ్ళు. జాలి వాళ్ళని ఆపలేదు. కాబట్టి ఎండర్‌కి చెప్పిన అబద్ధం యుద్ధం గెలవడానికి అవసరం లేదని నా అభిప్రాయం. అది ఇంకోదానికి అవసరమైంది. ఒక జాతిని తుడిచిపెట్టినా పిల్లవాడి చేతికి రక్తం అంటకూడదు. పాఠకుడు వాణ్ణి చివరిదాకా ప్రేమించాలి. అబద్ధం లేకపోతే ఆ ప్రేమ నిలవదు. అంటే అది కర్నల్ గ్రాఫ్‌కి కావలసిన అబద్ధం కాదు, రచయితకి కావలసిన అబద్ధం.

జాన్ కెసెల్ అనే రచయిత, అప్పట్లో నార్త్ కరోలైనాలో ప్రొఫెసర్, 2004లో ఈ నవల మీద పేరుపడ్డ వ్యాసం రాశాడు. ఉద్దేశం మంచిదైతే చాలు, ఫలితం ఏదైనా మనిషి నిర్దోషే అని ఈ పుస్తకం నేర్పుతోందని ఆయన ఫిర్యాదు. చాలావరకు ఒప్పుకుంటాను. కానీ ఆయన కార్డ్‌కి కొంచెం అన్యాయం చేశాడనిపిస్తుంది. నవల్లో ఎండర్ తనని తాను నిర్దోషి అనుకోడు. యుద్ధం అయ్యాక కర్నల్ గ్రాఫ్ మీద విచారణ జరుగుతుంది. ఎండర్ చేతిలో చనిపోయిన ఇద్దరు మనుషుల పిల్లల గురించి అడుగుతారు గానీ, ఆ గ్రహం గురించి ఎవరూ అడగరు. గ్రాఫ్ నిర్దోషిగా బయటికొస్తాడు. ఆ చిన్న అధ్యాయం వెటకారంగా రాశాడో మామూలుగా రాశాడో నాకిప్పటికీ తేలదు.

అమెరికా మెరైన్ దళం తన సైనికులు చదవాల్సిన పుస్తకాల జాబితాలో ఈ నవలని చాలా ఏళ్ళు ఉంచింది. నాయకత్వం నేర్చుకోవడానికట. 2002 జులై 4న అమెరికా సైన్యం తన సొంత కంప్యూటర్ ఆటని ఉచితంగా విడుదల చేసింది, పేరు 'అమెరికాస్ ఆర్మీ'. కుర్రాళ్ళని సైన్యం వైపు ఆకర్షించడానికి పెట్టిన ఆట అది, 2022దాకా నడిచింది. దాని సంగతి గమనించండి: ఇది సైన్యం ఆట అని పేరులోనే చెప్పేశారు. దాపరికం ఏమీ లేదు. అయినా లక్షల మంది ఆడారు.

కార్డ్ ఒక ముందుమాటలో సరదా సంగతి రాశాడు. గిఫ్టెడ్ పిల్లలకి కౌన్సిలర్‌గా పనిచేసే ఒకావిడ ఒక పత్రిక సంపాదకులకి ఉత్తరం రాసిందట, తెలివైన పిల్లలు ఇలా మాట్లాడరు, ఇలా ఆలోచించరు అని. ఆవిడకి ఆ పుస్తకం చదవమని పోరుపెట్టింది ఆవిడ కొడుకేనట! పిల్లలు ఈ పుస్తకాన్ని ఎందుకు ప్రేమిస్తారో నాకు అక్కడ అర్థమైంది. వాళ్ళని పెద్దవాళ్ళలాగా, వేళాకోళం లేకుండా చూసిన పుస్తకం ఇది. మా అమ్మాయికి పదకొండేళ్ళు. పుస్తకం పూర్తిచేశాక, ముందే నిజం చెప్పి ఉంటే ఎండర్ ఏం చేసేవాడని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి, "ఇంకా బాగా ఆడేవాడు నాన్నా" అంది. నేను దానికి ఫైన్‌మన్ కథ అప్పటికి చెప్పలేదు.

ఒక్క మాట మిగిలింది. ఈ కథ మొదట 1977 ఆగస్టులో అనలాగ్ పత్రికలో పెద్ద కథగా వచ్చింది. దాన్ని 1985లో నవలగా పెంచడానికి అసలు కారణం రెండో పుస్తకమని కార్డే రాశాడు. 'స్పీకర్ ఫర్ ది డెడ్', 1986లో వచ్చింది. రెండింటికీ వరసగా హ్యూగో, నెబ్యులా బహుమతులు వచ్చాయి. రెండో పుస్తకంలో ఎండర్ పెద్దవాడు. తాను తుడిచిపెట్టిన జాతిలో మిగిలిన ఒకే ఒక్క రాణి పురుగు గూడుని సంచిలో పెట్టుకుని, దాన్ని బతకనిచ్చే చోటు కోసం లోకాలు తిరుగుతుంటాడు. వాడు చేసినదాని పేరు ఆ పుస్తకంలో లోకమంతా తిట్టుగా వాడుకుంటారు. అందులో యుద్ధాలు లేవు, ఆటలు లేవు, కాస్త నెమ్మదిగా నడుస్తుంది. మా ఊరి లైబ్రరీలో మొదటి పుస్తకానికి ఏడు ప్రతులుంటే దీనికి ఒక్కటే ఉంది. నేను ఎప్పుడు వెళ్ళినా అది అలమరలోనే ఉంటుంది.